మీకు తెలుసా? పెట్టె మీద 50 వాట్లు, స్పీకరుకు 20

కారు స్టీరియో అట్టపెట్టె మీద ‘50 వాట్లు × 4’ అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, మామూలు సెట్టు నుంచి ఒక్కో స్పీకరుకు బొంగురుపోకుండా అందేది సుమారు 20 వాట్లే.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు సెట్టుకు దొరికేది దాదాపు 14.4 వోల్టులు. దానితో 4 ఓమ్‌ల స్పీకరుకు ఇవ్వగల శుభ్రమైన శక్తి, నష్టాలేవీ లేవనుకున్నా, 26 వాట్లు దాటదు. మరి 50 ఎక్కడిది? వాల్యూమ్ చివరిదాకా తిప్పితే ధ్వని తరంగం కొనలు తెగి చదరంగా మారతాయి. అప్పటి శక్తి తెలియాలంటే 14.4ను 14.4తో హెచ్చించి 4తో భాగించండి, 51.8 వస్తుంది. అంకె అబద్ధం కాదు గానీ ఆ స్థాయిలో వినిపించేది పాట కాదు, గరగర.

సెట్టు వెనకున్న ఫ్యూజు కూడా సాక్ష్యం చెబుతుంది. అది 10 ఆంపియర్లదైతే 14.4 వోల్టుల దగ్గర లోపలికి వెళ్లేదే 144 వాట్లు. నాలుగు యాభైలు 200 నిలకడగా బయటికెలా వస్తాయి?

నిజం తెలిపే అంకె ‘ఆర్‌ఎంఎస్’ వాట్లు. అమెరికాలో 2003లో వచ్చిన సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం దాన్ని 14.4 వోల్టులు, 4 ఓమ్‌ల దగ్గర, వక్రీకరణ 1 శాతం మించకుండా కొలవాలి.

ఎదుర్లంక–యానాం వంతెన మీద అద్దాలు దించి గాలి హోరులో పాట వినాలంటే 20 వాట్లు చాలకపోవచ్చు. అందుకు విడిగా యాంప్లిఫయర్ పెట్టించాలి. అమలాపురంలోనో రాజోలులోనో సెట్టు కొనేటప్పుడు ఆర్‌ఎంఎస్ ఎంతో, యాంప్లిఫయర్‌కు వెళ్లే ప్రీ-అవుట్ ఎన్ని వోల్టులో అడగండి. 2 కన్నా 4 వోల్టులదైతే తీగల్లో చేరే రొద తక్కువగా వినబడుతుంది.