స్కాలర్‌షిప్పు కన్నా ముందు అంగన్‌వాడీ

బ్యాంకు గుమాస్తాగా, డిపాజిట్టు ఎంత ముందు వేస్తే వడ్డీ అంత పెరుగుతుందని చెప్పేవాణ్ణి. చదువూ అంతే. 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకంలోదే అంగన్‌వాడీ. అక్కడి పౌష్టికాహారం ఖర్చును కేంద్రం, కర్ణాటక చెరిసగం భరిస్తాయి. 2017లో మామూలు పిల్లలకు రోజుకు తలా 8 రూపాయలుగా నిర్ణయించారు. ఇది దానం కాదు, 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు.

బీదర్‌లో మా అబ్బాయిని నామోషీ అనుకొని అంగన్‌వాడీకి పంపలేదు. ఒకటో తరగతిలో కన్నడం అర్థంగాక వాడు ఏడ్చిన రోజులు నాకింకా గుర్తే.

తల్లిదండ్రులారా! పల్లెలోగానీ, మురికివాడలోగానీ ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండీ కేంద్రం లేకపోతే కలిసి అర్జీ పెట్టండి. అడిగిన మూడు నెలల్లో ఏర్పాటు చేయాలని 2006లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన స్కాలర్‌షిప్పులు ఆ పునాది మీదే నిలుస్తాయి.