లివర్ స్కాన్: మసక బొమ్మను కంప్యూటర్ ఎలా తేటపరుస్తుంది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల రోగులను కాలేయం, అంటే లివర్ పరీక్షకు హైదరాబాదులోని నిమ్స్ వంటి ఆసుపత్రుల న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి పంపవలసి రావచ్చు. ఆ పేరు వినగానే భయపడనవసరం లేదు.

ఎక్స్‌రేలో కిరణాలు బయటి నుండి శరీరంలోకి వెళతాయి. ఈ స్కాన్‌లో లోపలి నుండి బయటికి వస్తాయి. టెక్నీషియం-99ఎం కలిపిన మందును కొద్దిగా నరానికి ఎక్కిస్తారు. అది లివర్‌కు చేరాక గామా కెమెరా బొమ్మ తీస్తుంది. ఆ పదార్థం శక్తి ప్రతి 6 గంటలకు సగానికి తగ్గిపోతుంది.

బొమ్మ ఎందుకు మసకబారుతుంది?

మోతాదు తక్కువ కనుక కెమెరాకు అందే కిరణాలూ తక్కువే. బొమ్మ ఇసుక చల్లినట్లు చుక్కలుగా వస్తుంది. పైగా ఊపిరి తీసినప్పుడల్లా లివర్ కదలడం వలన అంచులు చెదిరిపోతాయి.

కంప్యూటర్ ఏమి చేస్తుంది?

ప్రతి చుక్కకు పక్క చుక్కలతో సగటు కట్టి బొమ్మను నునుపు చేస్తుంది. ఊపిరి వలన కలిగే కదలికను సవరించగలదు. స్పెక్ట్ పద్ధతిలో, చుట్టూ తిరిగి తీసిన బొమ్మలను కలిపి లివర్‌ను పొరలు పొరలుగా చూపుతుంది. అయితే నునుపు మితిమీరితే చిన్న గడ్డ కూడా చెరిగిపోవచ్చు. అందుకే సవరించిన బొమ్మను అసలు బొమ్మతో పోల్చి చూడాలి. కెమెరా పట్టనిదానిని కంప్యూటర్ తేలేదు.

పసిబిడ్డల విషయంలో

నేడు లివర్‌లో గడ్డలకు ముందుగా అల్ట్రాసౌండ్, సీటీ చేస్తున్నారు. కానీ పసిబిడ్డకు కామెర్లు తగ్గనప్పుడు హైడా స్కాన్ ఇప్పటికీ ఉపయోగపడుతుంది. మందు లివర్ నుండి పేగులోకి దిగితే పైత్యనాళం తెరిచి ఉన్నట్లే. 24 గంటలు గడిచినా దిగకపోతే నాళం మూసుకుపోయిందేమోనని ఇతర పరీక్షలు చేస్తారు. లివర్ వెలుగు ముందు పేగులోని కొద్దిపాటి మందు కనబడకపోవచ్చు. తెరమీద వెలుగును సర్దితే ఆ జాడ బయటపడుతుంది. బిడ్డకు ఆపరేషన్ అవసరమా కాదా అని తేల్చడంలో ఆ చిన్న జాడ ఎంతో ముఖ్యం.

నాళం మూసుకుపోయి ఉంటే, పుట్టిన 60 రోజులలోపు ఆపరేషన్ జరిగితే మంచి ఫలితం ఉండే అవకాశం ఎక్కువ. కనుక 2 వారాలు దాటినా కామెర్లు తగ్గకపోయినా, మలం తెల్లగా వచ్చినా పసరు మందులతో కాలం గడపవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి.

స్కాన్‌కు వెళ్ళేవారికి సూచనలు

1. బొమ్మ తీసేటప్పుడు కదలకుండా పడుకోండి. నెమ్మదిగా ఊపిరి తీయండి.
2. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పండి.
3. ఏమీ తినకుండా రమ్మంటే అలాగే వెళ్ళండి.
4. పాత రిపోర్టులు, ఫిల్ములు వెంట తీసుకువెళ్ళండి.

కంప్యూటర్ ఎంత మంచిదైనా, కదలకుండా తీసిన బొమ్మకు సాటి రాదు. ఆ సాయం మీ చేతిలోనే ఉంది.