మునగాల దివానుగారి తీరిక వేళలు

బెజవాడ మల్లేశ్వరాలయంలోని ఒక రాతిస్తంభం మీద చాళుక్యవంశీయుడైన యుద్ధమల్లుడు చెక్కించిన తెలుగు పద్యాలు వున్నవి. కుమారస్వామికి గుడియు మఠమును కట్టించిన సంగతి, చేబ్రోలు నుండి జాత్రకు వచ్చిన స్వామి బెజవాడలోనే నిలిచిపోయిన సంగతి ఆ మధ్యాక్కరలు చెబుతవి. అవి నన్నయకు సుమారు నూరేండ్లు ముందటివని పండితుల నిర్ణయం. ప్రదక్షిణం చేసే భక్తులు ఎన్ని తరాలు ఆ అక్షరాలను ఒరుసుకుంటూ పోయారో! వాటిని పరిష్కరించి ప్రకటించినవారు జయంతి రామయ్యపంతులుగారు. వృత్తిరీత్యా వారు డిప్యూటీ కలెక్టరు. శాసనాలు చదవడానికి వారికి సర్కారు జీతమివ్వలేదు.

చదివేవాడు కరవైన చోట రాళ్ళకు ఏ గతి పట్టినదో కృష్ణాతీర వాసులకు వేరే చెప్పనక్కరలేదు. కర్నల్ మెకంజీ 1798లో అమరావతి దిబ్బను చూశాడు. తిరిగి 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని వచ్చేసరికి స్తూపం నడుమ చెరువు తవ్వి వున్నది. పాలరాతి ఫలకాలు కొన్ని గోడలలో చేరినవి, కొన్ని సున్నమైనవి. తరువాత మరికొన్నిటిని బందరు చేర్చి, అక్కడి కలెక్టరు రాబర్ట్‌సన్ బజారు కూడలికి అలంకారంగా నిలిపించాడు. ఇవి ద్వేషంతో చేసిన పనులు కావు. రాయిలో రాయినే చూచినవారు చేసిన పనులు.

ఈ దృష్టిని మార్చవలెననుకున్న వారిలో కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు అగ్రగణ్యులు. 1877లో కృష్ణాజిల్లాలో, మునేటి ఒడ్డున వున్న పెనుగంచిప్రోలులో జన్మించారు. బాల్యంలోనే తండ్రి పోగా, అక్క బండారు అచ్చమాంబ, బావ మాధవరావుగార్ల ప్రాపున నాగపురంలో చదువుకున్నారు. ఆ అక్కగారే స్త్రీల జీవితచరిత్రలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించిన విదుషి. తమ్మునికి చరిత్ర రుచి ఎక్కడ అబ్బినదో వెదకడానికి దూరం పోనక్కరలేదు.

నాగపుర నివాసం వలన పంతులుగారికి మహారాష్ట్ర భాష కరతలామలకమయింది. ఆ దేశంలో రాజవాడే వంటివారు ఊరూర తిరిగి, పాత కుటుంబాల అటకల మీది కాగితపు కట్టలు దింపి, మరాఠాల చరిత్రకు ఆధారాలుగా 1898 నుండి ప్రకటిస్తూ వున్న కాలమది. చరిత్ర అంటే రాజుల పేర్ల పట్టిక కాదనీ, అది ఆధారాలతో నిలువవలసిన విద్య అనీ, ఆ ఆధారాలను కాపాడుట ప్రజల పని అనీ మరాఠీలలో పాతుకుపోతున్న భావం. దానిని తెలుగునేలకు తేవడమే పంతులుగారి జీవితకార్యమయింది.

కాని పొట్టకూటికి ఆయన చేసినది దివానుగిరి. మునగాల జమీందారు నాయని వెంకటరంగారావుగారి కొలువులో సంస్థానపు లెక్కలు, సరిహద్దులు, వ్యవహారాలు ఆయన మీదనే వుండేవి. మునగాల ఒక వింత పరగణా. నాలుగువైపులా నైజాం రాజ్యం, నడుమ ద్వీపంవలె కృష్ణాజిల్లాకు చెందిన ఇంగ్లీషు సీమ. అందువలన అక్కడి దివానుకు ఒక కాలు బెజవాడ వైపు, ఒక కాలు హైదరాబాదు వైపు వుండక తప్పదు. ఇది ఆంధ్రులకు మేలే చేసింది. 1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినప్పుడు పంతులుగారు ముందున్నారు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి అక్కడనే పుట్టి, రెండేండ్లకు మదరాసు చేరింది. దాని స్థాపనలో పాలుపంచుకున్న అయ్యదేవర కాళేశ్వరరావుగారు బెజవాడ న్యాయవాది. మరి యాభై ఏండ్లకు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి అయ్యారు.

మండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి ‘అబ్రహాము లింకను చరిత్రము’. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ ప్రథమభాగం వచ్చింది. తెలుగువారు తమ చరిత్రను తమ భాషలో ఇంత విపులంగా చదువుకొనడం అప్పటికి క్రొత్త. ప్రజలకు రుచి కలిగించడానికి చారిత్రక నవలలకు పోటీలు కూడా పెట్టారు. శాసనమంటే ఏమో ఎరుగని పాఠకుడు నవల ద్వారా చరిత్రలోకి, చరిత్ర ద్వారా తన ఊరి గుడిగోడ దాకా రావలెనన్నది ఊహ. ఆ ఊహ కొంతవరకైనా ఫలించింది.

పిదప పంతులుగారు తలకెత్తుకున్నది ఆంధ్రవిజ్ఞాన సర్వస్వం. ఇంగ్లీషువారి బ్రిటానికా వంటిది తెలుగులో వుండవలెనని సంకల్పం. ఆ దేశంలో అటువంటి పనికి పెద్ద కార్యాలయాలు, ధనం, వందలకొలది రచయితలు. ఇక్కడ మదరాసులో ఒక దివానుగారి ఇల్లు, కొద్దిమంది సహాయకులు. మూడు సంపుటాలు వెలువడినవి. మూడూ కలిసి అకారాన్ని దాటలేదు. ‘ఆంధ్ర’ శబ్దం కోసం ఆయన సామగ్రి కూడబెడుతూనే వున్నారు. 1923లో, నలుబదియారవ ఏట, కన్నుమూశారు. తానే ఒక సమగ్రాంధ్ర చరిత్ర వ్రాయగల శక్తి వుండి కూడ ఆయన సమయాన్ని పది పనులకు పంచారు. ఇది నష్టమే. గౌరవం పేరిట దీనిని దాచనవసరం లేదు.

అయితే ఆ పని నేర్పిన శిష్యులు మిగిలారు. సర్వస్వం కార్యాలయంలో పనిచేసిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు పట్టాలేవీ లేకనే శాసనలిపులలో ఆరితేరి, తుదకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చరిత్ర బోధించారు. 1323లో ఓరుగల్లు పడిపోయిన తరువాత ముసునూరి ప్రోలయనాయకుడు తెలుగునేలను మరల నిలబెట్టిన వృత్తాంతం పాఠ్యగ్రంథాలలో వుండేది కాదు. విలస గ్రామ దానాన్ని చెప్పే తామ్రశాసనమే దానికి ముఖ్యాధారం. ఆ రేకులు కంచరి కొలిమిలోకి పోయివుంటే ఆ అధ్యాయమూ వాటితోనే పోయేది. శర్మగారు 1945లో ఇంగ్లీషులో వ్రాసిన ముసునూరి నాయకుల చరిత్రకు ‘ఆంధ్ర చరిత్రలో మరుపు పడిన అధ్యాయం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టడం ఉచితంగానే వున్నది.

హైదరాబాదు మిత్రులు 1922లో నెలకొల్పిన ఆంధ్ర పరిశోధక మండలికి పంతులుగారి మరణానంతరం ఆయన పేరే పెట్టారు. లక్ష్మణరాయ పరిశోధక మండలి సభ్యులు ఊళ్ళు తిరిగి, తాళపత్రాలు సేకరించి, శాసనాలకు నకళ్ళు తీసి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించారు. దాని కార్యభారం మోసిన ఆదిరాజు వీరభద్రరావుగారు తెలుగు పండితులు. బడి విడిచిన తరువాతనే ఆయనకూ శాసనాలు.

మరొక బడిపంతులు సంగతి కూడ ఇక్కడనే చెప్పాలి. పంతులుగారు పోయిన మూడేండ్లకు, అదే కృష్ణకు ఎగువన, పల్నాటి లోయలో సూరపరాజు వేంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ఒక ప్రాచీన స్తంభాన్ని చూచి ప్రభుత్వానికి తెలియజేశాడు. శాసనశాఖలో తెలుగు సహాయకులైన సరస్వతిగారు 1926లో వచ్చి చూడగా, అది ఇక్ష్వాకుల విజయపురి, నాగార్జునకొండ. సాగరం ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగేనాటికి లోయలో పెద్ద ఎత్తున తవ్వకాలు సాగుతూనే వున్నవి. నీరు ఎక్కకముందే కట్టడాలలో కొన్నిటిని రాతికి రాయిగా విప్పి, కొండమీదికి మోయించి, మరల నిలిపారు.