తలుపు వెనుక దాగిన బందు

పిల్లలూ! గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో వడ్రంగి పని జరిగేచోట ఒక్క నిమిషం ఆగి చూడండి. కొత్త అలమర తలుపుకు బయట బందు కనిపించదు. తెరిస్తే లోపల గిన్నెలాంటి లోహపు భాగం, దానికొక చేయి ఉంటాయి. దీన్నే ఆటో హింజి అంటున్నారు.

దీన్ని ముందుగా ఆలోచించి ఎన్నుకోవాలి. గిన్నె కూర్చోవడానికి తలుపులో 35 మి.మీ. వ్యాసం, సుమారు 12 మి.మీ. లోతుగల గుంట తొలచాలి. 18 మి.మీ. పలకైతే వెనుక 6 మి.మీ. మిగులుతుంది. 12 మి.మీ. పలకైతే గుంట ఆవలికి తేలుతుంది! తొలిచిన కలపను తిరిగి అతికించలేం కదా!

చేయి వంపును బట్టి ఇవి మూడు రకాలు. తలుపు పక్క పలకను పూర్తిగా కప్పితే తిన్నని చేయి. రెండు తలుపులు ఒకే పలకను పంచుకుంటే కొద్దిగా వంగినది. తలుపు చట్రం లోపలే ఇమిడితే బాగా వంగినది కావాలి.

ఎక్కడ బిగించాలన్నది భౌతికశాస్త్రం చెబుతుంది. ఒకసారి నేను బడికి చేయించిన అలమరలో పొరపాటు చేశాను. తలుపు ఎత్తు 90 సెం.మీ., వెడల్పు 40, బరువు 6 కిలోలు. బందుల మధ్య 35 సెం.మీ. మాత్రమే ఉంచమన్నాను. ఒకరోజు ఒక పిల్లవాడు తలుపు చివర పట్టుకుని వేలాడాడు. పైబందు మరలు ఊడి తలుపు ఒరిగింది. అదృష్టం కొద్దీ వాడికి దెబ్బ తగల్లేదు.

లెక్క చూడండి. తలుపు గరిమనాభి బందుల నుంచి 20 సెం.మీ. దూరంలో ఉంది. భ్రామకం 6×20=120. పిల్లవాడు చివర 20 కిలోల బరువు మోపాడనుకుంటే 20×40=800. మొత్తం 920. దాన్ని 35తో భాగిస్తే పైబందుపై లాగుడు సుమారు 26 కిలోలు! బందులను 70 సెం.మీ. ఎడంగా బిగిస్తే 13 కిలోలే. ఖర్చు పెరగదు, బలం సగానికి తగ్గుతుంది. తలుపు ఇంకా పొడవైతే మూడో బందు వేయాలి.

మరొక మాట. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో ఎండలకు కలప కుంచించుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది. నిలువు కంటే అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. అందుకే చట్రంలో ఇమిడే కలప తలుపు చుట్టూ కొంత సందు వదలాలి. ఈ బందుల మరలు తిప్పితే తలుపును కొద్దిగా జరపవచ్చు కూడా.

ఈరోజే మీ ఇంటి అలమర తలుపును కొలవండి. బందుల మధ్య దూరమెంత? లాగుడెంత? లెక్క కట్టి చూడండి. తలుపు పట్టుకుని మాత్రం వేలాడకండి!