కాలేజీకి ఎనిమిదిలోనే దారి

పిల్లలూ! జగ్గయ్యపేట, నందిగామ మెట్టల్లో పత్తి చేతికొచ్చేది దసరా నాళ్లకు. కాలేజీవారు ఫీజు అడిగేది జూన్‌లోనే. మరెట్లా?

ఎనిమిదో తరగతిలోనే ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష రాయండి. కేంద్ర ప్రభుత్వం 2008లో పెట్టిన ఉపకారవేతనం అది. ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, ఎయిడెడ్ బడుల పిల్లలు అర్హులు, గురుకులాలవారు కారు. ఇంటి రాబడి ఏడాదికి 3,50,000 రూపాయలు మించరాదు. ఎంపికైతే తొమ్మిది మొదలు ఇంటరు దాకా ఏటా 12,000. నాలుగేళ్లకు 48,000 రూపాయలు మీ బ్యాంకు ఖాతాలోనే పడతాయి.

అయితే ఏటా మళ్లీ దరఖాస్తు పెట్టాలి. హెడ్మాస్టరుగా ఒకసారి నేనే గడువు మరిచాను. చురుకైన అమ్మాయి ఒకతె ఆ ఏటి వేతనం పోగొట్టుకున్నది. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది. కనుక గడువు తేదీని మీ ఇంటి క్యాలెండరులో మీరే రాసిపెట్టుకోండి!