ధ్వనిముద్రణల జాబితాను చదవడం: జాన్ కోల్ట్రేన్ ఉదాహరణగా

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• డిస్కోగ్రఫీ అంటే ఏమిటో, అది ఎవరి కృషితో రూపొందిందో వివరించగలుగుతారు.
• రికార్డింగ్ తేదీకీ, విడుదల తేదీకీ గల భేదాన్నీ, దాని ప్రాముఖ్యాన్నీ చెప్పగలుగుతారు.
• వినేవారి అభిరుచిని బట్టి తగిన రికార్డును సిఫారసు చేయగలుగుతారు.

1. పరిచయం

శాక్సఫోన్ అనగానే మన శ్రోతలకు కద్రి గోపాల్‌నాథ్ కచేరీలు గుర్తుకు వస్తాయి. ఆయన ఆల్టో శాక్సఫోన్‌పై కర్ణాటక సంగీతాన్ని వినిపించారు. అదే కుటుంబానికి చెందిన టెనర్, సొప్రానో శాక్సఫోన్లతో అమెరికా జాజ్ సంగీతాన్ని మలుపు తిప్పినవారు జాన్ కోల్ట్రేన్ (1926–1967). 40 ఏళ్లకే కాలేయ క్యాన్సర్‌తో మరణించారు. సొంత పేరుతో రికార్డులు చేసింది సుమారు పదేళ్లే. అయినా ఆయన పాత టేపుల నుంచి 2023లో కూడా ఒక కొత్త ఆల్బమ్ వెలువడింది. ఇంత విస్తారమైన సామగ్రిలో ఎక్కడ మొదలుపెట్టాలి? దేని తరువాత దేన్ని వినాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే సాధనమే డిస్కోగ్రఫీ.

జాజ్‌లో ముందుగా రాసుకున్న పాట చిన్నది. ఆ పాటను ఆధారం చేసుకొని వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పించి వాయించేదే ప్రధానం. మన పరిభాషలో చెప్పాలంటే, కృతి కన్నా మనోధర్మానికి పెద్దపీట. కాబట్టి ఒకే పాటను ఒకే రోజు రెండుసార్లు వాయిస్తే అవి రెండు వేర్వేరు రచనలవుతాయి. వాటిని నిలిపి ఉంచేది రికార్డే. అందువల్ల జాజ్ కళాకారుని రికార్డుల జాబితా, ఒక రచయిత రచనల జాబితాతో సమానం.

2. అభిమానులు నిర్మించిన శాస్త్రం

78 వేగంతో తిరిగే పాత రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల సంగీతం పట్టేది. లేబుల్‌పై చాలాసార్లు బృందం పేరే ఉండేది గాని వాయించినవారి పేర్లు ఉండేవి కావు. ఒకే రికార్డింగును వేర్వేరు పేర్లతో అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. ఈ చిక్కులను విప్పినవారు అభిమానులు. వారు లేబుల్ పక్కన చెక్కిన మాతృక సంఖ్యలను పోల్చారు. వాయించిన తీరును బట్టి వాద్యకారులను గుర్తుపట్టారు. ఉత్తరాల ద్వారా వివరాలను, రికార్డులను మార్చుకున్నారు. 1936లో పారిస్‌లో షార్ల్ దెలోనే ప్రచురించిన 'హాట్ డిస్కోగ్రఫీ' ఈ మార్గంలో తొలి ముఖ్య గ్రంథం. 'ఈ రికార్డు విన్నారా?' అనే స్నేహపూర్వకమైన ప్రశ్నలోనే ఈ శాస్త్రానికి మూలాలు ఉన్నాయని గమనించండి.

3. ఒక నమోదును చదవడం

కోల్ట్రేన్ ఆల్బమ్ 'ఎ లవ్ సుప్రీమ్' నమోదు ఇలా ఉంటుంది:

రికార్డింగ్: 1964 డిసెంబరు 9
స్థలం: వాన్ గెల్డర్ స్టూడియో, ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్, న్యూజెర్సీ
వాద్యకారులు: జాన్ కోల్ట్రేన్ – టెనర్ శాక్సఫోన్; మెకాయ్ టైనర్ – పియానో; జిమ్మీ గారిసన్ – బేస్; ఎల్విన్ జోన్స్ – డ్రమ్స్
సంస్థ: ఇంపల్స్
విడుదల: 1965

ఇందులో ప్రతి పంక్తీ మరో రికార్డుకు దారి చూపుతుంది. డ్రమ్స్ నచ్చితే ఎల్విన్ జోన్స్ పేరు పట్టుకొని వెళ్లవచ్చు. తేదీ పట్టుకొని వెళితే, మరునాడే మరో ఇద్దరు వాద్యకారులను చేర్చుకొని ఇదే రచనలోని మొదటి భాగాన్ని మళ్లీ రికార్డు చేశారని, అది మొదటి ఆల్బమ్‌లో చేరలేదని తెలుస్తుంది. కేవలం కోల్ట్రేన్ పేరుతోనే వెతికితే 1959 నాటి 'కైండ్ ఆఫ్ బ్లూ' దొరకకపోవచ్చు. ఆ ఆల్బమ్ మైల్స్ డేవిస్ పేరున వచ్చింది. అందులో కోల్ట్రేన్ బృంద సభ్యులు.

4. రెండు తేదీలు

ఈ భాగంలో మీరు తప్పక గ్రహించవలసిన విషయం ఇదే. 1964లో కోల్ట్రేన్ పేరుతో వచ్చిన మూడు ఆల్బమ్‌లను చూడండి.

• 'బ్లాక్ పెర్ల్స్' – ప్రెస్టీజ్ సంస్థ – రికార్డింగ్ 1958 మే
• 'కోల్ట్రేన్స్ సౌండ్' – అట్లాంటిక్ సంస్థ – రికార్డింగ్ 1960 అక్టోబరు
• 'క్రెసెంట్' – ఇంపల్స్ సంస్థ – రికార్డింగ్ 1964 ఏప్రిల్, జూన్

కోల్ట్రేన్ 1958 తరువాత ప్రెస్టీజ్‌ను, 1961లో అట్లాంటిక్‌ను విడిచిపెట్టారు. అయితే ఆయన రికార్డు చేసిన టేపులు ఆ సంస్థల వద్దే ఉండిపోయాయి. ఆయన పేరు పెరిగేకొద్దీ అవి ఒక్కొక్కటిగా బయటకు వచ్చాయి. విడుదల సంవత్సరాన్ని మాత్రమే చూసే శ్రోత, ఆరేళ్ల వ్యవధిలోని మూడు దశలను ఒకే సంవత్సరపు పనిగా భావిస్తాడు. వేగంగా స్వరాల ధార కురిపించే 1958 నాటి వాదనం, నిదానంగా ఆలోచిస్తున్నట్లు సాగే 1964 నాటి వాదనం పక్కపక్కన వినిపిస్తే, కళాకారునికి నిలకడ లేదనో, వెనక్కి నడుస్తున్నాడనో తీర్పు చెప్పే ప్రమాదం ఉంది. ఆ తీర్పులో దోషం సంగీతానిది కాదు, వరుసది.

రికార్డింగ్ తేదీల వరుసలో పెడితే క్రమం కనిపిస్తుంది. 1957లో 'బ్లూ ట్రేన్', 1959లో 'జయంట్ స్టెప్స్', 1960లో 'మై ఫేవరెట్ థింగ్స్', 1964లో 'ఎ లవ్ సుప్రీమ్', 1965లో 'అసెన్షన్', 1967లో శాక్సఫోన్, డ్రమ్స్ మాత్రమే ఉన్న 'ఇంటర్‌స్టెల్లార్ స్పేస్'. ఈ చివరిది ఆయన మరణానంతరం 1974లో గాని వెలువడలేదు.

అయితే ఈ వరుసను నిచ్చెనగా భావించకూడదు. 1961 నవంబరు మొదటి వారంలో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో కోల్ట్రేన్ తీవ్రమైన, సుదీర్ఘమైన వాదనాలు రికార్డు చేశారు. 'ఇండియా' అనే రచన వాటిలో ఒకటి. పండిట్ రవిశంకర్ పట్ల ఆయనకు గల గౌరవం ఎంతటిదంటే, 1965లో పుట్టిన కుమారునికి రవి అని పేరు పెట్టారు. అదే 1961 డిసెంబరులో 'బాలడ్స్' ఆల్బమ్ కోసం ఒక ప్రేమగీతాన్ని ఎంతో సౌమ్యంగా వాయించారు. రెండింటికీ మధ్య ఏడు వారాలు. 'ముందు మెత్తగా వాయించేవారు, తరువాత కఠినంగా మారారు' అనే తేలిక మాటను ఈ రెండు తేదీలే ఖండిస్తాయి.

గమనిక: ఆల్బమ్ సంఖ్య కూడా అన్నిసార్లూ నమ్మదగింది కాదు. 'అసెన్షన్'ను పదకొండుగురు వాద్యకారులు రెండుసార్లు పూర్తిగా వాయించారు. మొదట ఒక వాదనంతో విడుదలైన ఆల్బమ్‌లో, తరువాతి ముద్రణల్లో సంఖ్య మార్చకుండానే రెండో వాదనాన్ని పెట్టారు. ఒకే అట్ట, ఒకే సంఖ్య, లోపల వేర్వేరు సంగీతం. ఇద్దరు మిత్రులు ఆ ఆల్బమ్ గురించి వాదించుకుంటే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

5. సిఫారసు చేయడం ఎలా?

కొత్త శ్రోతకు సుమారు 40 నిమిషాలు హోరెత్తే 'అసెన్షన్'ను మొదట ఇస్తే ఆయన మళ్లీ జాజ్ జోలికి రాకపోవచ్చు. రికార్డు గొప్పదే, ఇచ్చిన సమయం తగినది కాదు. కాబట్టి వినేవారికి ఇప్పటికే ఏది ఇష్టమో ముందుగా అడగండి.

• లలితగీతాలు ఇష్టపడేవారికి: గాయకుడు జానీ హార్ట్‌మన్‌తో కలిసి 1963లో చేసిన ఆల్బమ్.
• లయ, బృందవాద్యం ఇష్టపడేవారికి: 'బ్లూ ట్రేన్'.
• శ్రుతిని పట్టుకొని రాగాన్ని విస్తరించే పద్ధతికి అలవాటుపడిన వారికి: 'మై ఫేవరెట్ థింగ్స్'. 13 నిమిషాలు దాటిన ఈ వాదనంలో పియానో కొద్దిపాటి స్వరసముదాయాలను పదేపదే తిప్పుతుంటే, సొప్రానో శాక్సఫోన్ వాటిపై విహరిస్తుంది.
• భక్తి సంగీతం ఇష్టపడేవారికి: నాలుగు భాగాల 'ఎ లవ్ సుప్రీమ్'. దీనిని కోల్ట్రేన్ దైవానికి సమర్పించారు.

ఒకేసారి పది పేర్లు చెప్పకండి. ఒక్క రికార్డు చెప్పి, అందులో దేన్ని గమనించాలో సూచించండి. విన్న తరువాత వారి అభిప్రాయం తప్పక అడగండి. నచ్చలేదన్నా దానికి కారణం వినండి. తరువాత చెప్పవలసిన రికార్డు ఏదో ఆ కారణంలోనే తెలుస్తుంది.

6. సారాంశం

జాజ్‌లో రికార్డే రచన. అందుకే దాని పుట్టుక వివరాలకు అంత విలువ. కళాకారుని పరిణామం విడుదల తేదీల వల్ల కాక రికార్డింగ్ తేదీల వల్ల తెలుస్తుంది. జాబితా మనకు క్రమాన్ని ఇస్తుంది. అయితే ఎదుటివారికి ఎక్కడ తలుపు తీయాలో నిర్ణయించేది వారి అభిరుచి. మొదటిది తెలియనివారు కళాకారునికి అన్యాయం చేస్తారు. రెండోది తెలియనివారు శ్రోతకు అన్యాయం చేస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'బ్లాక్ పెర్ల్స్', 'క్రెసెంట్' ఒకే సంవత్సరంలో విడుదలైనా ఒకే దశకు చెందినవి కావని ఎలా చెప్పగలరు?
2. 'కైండ్ ఆఫ్ బ్లూ' కోల్ట్రేన్ పేరుతో వెతికినప్పుడు దొరకకపోవడానికి కారణం ఏమిటి?
3. మీకు ఇష్టమైన ఒక గాయకుని లేదా వాద్యకారుని ఐదు రికార్డులను ముందు విడుదల తేదీల ప్రకారం, తరువాత రికార్డింగ్ తేదీల ప్రకారం అమర్చండి. రెండు వరుసల్లో తేడా కనిపిస్తే, దాని వల్ల ఆ కళాకారునిపై మీ అభిప్రాయం ఎలా మారిందో పది వాక్యాల్లో రాయండి.