పిక్కబలం

"పిక్కబలం చూపించాడు" అంటే మన భాషలో పారిపోయాడని అర్థం. ఎగతాళి మాట. పోయిన ఏడాది 5,000 మీటర్ల పోటీలో మూడో కిలోమీటరు దాటకముందే ట్రాక్ పక్కన కూలబడిపోయినప్పటి నుంచి ఈ మాట నా తలలో తిరుగుతూనే ఉంది. నాకు లేనిది అదే కదా!

ఆ సాయంత్రం సత్యనారాయణపేటలో మా ఇంటికి చేరేసరికి అవ్వ, "ఆడపిల్లకు అంత దూరం పరుగు యాలమ్మా? ఒళ్లు తట్టుకోవద్దా?" అనింది. స్నేహితురాళ్లేమో "లాక్టిక్ యాసిడ్ పట్టేసింటుందిలే" అన్నారు. రెండు మాటలూ నమ్మేశాను. తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివితే రెండూ నిలబడలేదు.

ముందు పిక్క సంగతి. అందులో పెద్ద కండరాలు రెండు. పైకి ఉబ్బెత్తుగా కనబడేది గ్యాస్ట్రోక్నీమియస్. దాని కింద చదునుగా దాక్కున్నది సోలియస్. (ఈ పేర్లు పలకడమే ఒక కసరత్తు.) కండరాల్లో వేగపు పోగులు, నెమ్మది పోగులు అని రెండు రకాలుంటాయి. పై కండరంలో రెండూ కలగలుపుగా ఉంటే, సోలియస్‌లో నూటికి సుమారు 80 నెమ్మది పోగులే. మనం నిలబడినా నడిచినా పనిచేసేది అదే, త్వరగా అలసిపోదు.

తేడా చూడాలంటే వంటింట్లోకి పోతే చాలు. కోడి తొడ మాంసం ముదురు రంగు, రొమ్ము మాంసం తెలుపు. కోడి రోజంతా కాళ్లమీద తిరుగుతుంది, ఎగిరితే గోడెక్కేంత సేపే. ఆ ఎరుపు మయోగ్లోబిన్‌ది. ఆక్సిజన్‌ను కండరంలోనే పట్టి ఉంచే పదార్థం అది, దాని నడుమ ఇనుము ఉంటుంది. నెమ్మది పోగుల్లో ఇదీ, సన్నని రక్తనాళాలూ, ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలూ ఎక్కువ. దూరం పరుగెత్తేవాళ్ల బలం ఇక్కడుంది.

ఇక లాక్టిక్ యాసిడ్. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ అలసిన కప్ప కండరంలో అది పేరుకున్నట్టు చూపించారు. అప్పటినుంచి నింద దాని నెత్తినే పడింది. నిజానికి మన ఒంట్లో లాక్టేట్‌ను గుండె, నెమ్మది పోగులు ఇంధనంగా వాడుకుంటాయి. పరుగు ఆపిన గంట, గంటన్నరలో అది మామూలు స్థాయికి వస్తుంది. మర్నాడు మెట్లు దిగుతుంటే కాళ్లు పీకేది పోగుల్లో పడిన చిన్న చిన్న చిరుగుల వల్ల. గట్టిగా పరుగెత్తినప్పటి అలసటకు ఫాస్ఫేట్ పేరుకోవడం, పోగుల్లో కాల్షియం విడుదల తగ్గడం పెద్ద కారణాలు. మారథాన్ లాంటి దూరాల్లో కండరంలో దాచుకున్న గ్లైకోజన్ అడుగంటుతుంది.

అవ్వ మాటకు జవాబు చరిత్రలో దొరికింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 800 మీటర్ల పరుగు పెట్టారు. గీత దాటాక కొందరు చతికిలబడ్డారట. మగవాళ్లూ పడతారు, ఎవరూ పట్టించుకోరు. పత్రికలు మాత్రం గోల చేశాయి. 1960 రోమ్ దాకా, అంటే 32 ఏళ్లు, ఆ పరుగే లేదు. ఆనాటి విజేత జర్మనీకి చెందిన లీనా రాడ్కె సమయం 2 నిమిషాల 16.8 సెకన్లు, అప్పటి ప్రపంచ రికార్డు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన తెలుగమ్మాయి అగసర నందిని 800 మీటర్లను 2 నిమిషాల 15 సెకన్ల చిల్లరలో ముగించింది. అదీ హెప్టాథ్లాన్‌లో, రెండు రోజుల్లో ఆరు పోటీలు చేసిన కాళ్లతో, ఏడోదిగా! కాంస్యం తెచ్చుకుంది. కండరాన్ని బిగించి పట్టి ఉంచే పరీక్షల్లో ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువసేపు ఓర్చుకుంటారని చాలా పరిశోధనల్లో తేలింది కూడా.

మరి నేనెందుకు కూలబడ్డాను? మా ఫిజికల్ డైరెక్టర్ మేడం రక్తపరీక్ష చేయించుకోమన్నారు. హిమోగ్లోబిన్ 9.6. ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనత. ఊపిరి ఎంత పీల్చినా మోసుకుపోయే బండ్లు లేకపోతే కండరానికి ఆక్సిజన్ చేరేదెట్లా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే మన క్లాసులో ఈ బెంచీ, ఆ బెంచీ. దాన్ని మనం "ఊరికే నీరసం" అంటాం. ఆయాసం, అలసట, నీరసం అని తెలుగులో మూడు మాటలున్నాయి, డాక్టరు దగ్గర ఏది చెప్పాలో తెలియక నేను మూడూ చెప్పాను.

డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాశారు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానమన్నారు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం పట్టనిస్తుంది. కాబట్టి ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం మా ఇంట్లో కొత్త రివాజు. అవ్వకూ పరీక్ష చేయిస్తే ఆమెది నాకంటే తక్కువ వచ్చింది.

పరుగు కూడా మార్చాను. 1967లో హాలొజీ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకలను కొన్ని వారాలపాటు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూస్తే, వాటి కండరాల్లో ఆక్సిజన్ వాడుకునే శక్తి దాదాపు రెట్టింపయింది. వారాల లెక్క అది, ఒక్క పూటలో రాదు. అందుకే పక్కమనిషితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా, ఎండ ఎక్కకముందే, వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను. మొన్న పరీక్షలో 11.4 వచ్చింది, ఇంకా 12 కాలేదు. అవ్వది 10 దాటింది. పోయిన ఆదివారం 5 కిలోమీటర్లు ఆగకుండా పూర్తి చేశాను, 38 నిమిషాలు పట్టింది.